రోజూ తొమ్మిదీ ఐదుకి ఒకే తప్పు

మా ఆఫీసులో ఆవిడని చీపురక్క అంటారు. ఆ పేరు పెట్టిన పాపాత్ముణ్ణి నేనే. ప్రోగ్రాములు రాసేవాళ్ళు ఏ రోజు ఏం మార్చారో పాత ప్రతులతో సహా దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ మాది. వాడేవాళ్ళు తప్పు చేస్తే అది తెరమీద ఓ మాట చెబుతుంది. కాలం చెల్లిన అలాంటి మెసేజీలను ఏరి తీసెయ్యడం అక్క పని. ఆరునెలలపాటు ఎవరికీ కనబడని మెసేజీ ఉండకూడదన్న నియమం కూడా ఆవిడ పెట్టిందే. పదకొండేళ్ళలో ఒక్కదాన్నీ జాలిపడి వదిలిన పాపాన పోలేదు.

ఆవిడ భర్తా మా దగ్గరే పనిచేసేవారు. ఆవిడ అందరికీ అక్క కాబట్టి ఆయన అందరికీ బావగారు. ఆ మెసేజీల్లో సగం ఆయన రాసినవే. పోయిన చలికాలంలో గుండె ఆగి పోయారు. రెండు వారాలకి అక్క తిరిగొచ్చి, కుర్చీ సరిచేసుకుని పని మొదలుపెట్టింది. ఎలా ఉన్నావంటే "ఉన్నాను" అనేది, అంతే. ఆయన రాసినవాటినీ ఒక్కొక్కటే తీసేసింది. రాతిబొమ్మ నయం అనుకున్నాను. చివరికి ఒకటి మిగిలింది.

"ఏంటండీ ఆ పరుగు? సేవ్ చేసి వెళ్ళండి."

ఇప్పుడు సాఫ్ట్‌వేరే తనంతట తాను సేవ్ చేసుకుంటుంది. సేవ్ చెయ్యకుండా మూసేసి వెళ్ళే పాత కమాండు ఎవరైనా కొడితే తప్ప ఆ మాట రాదు. అయినా ఏ మెసేజీ ఎన్నిసార్లు వచ్చిందో చెప్పే లెక్కలో అది రోజూ ఒకసారి కనబడుతోంది. శుక్రవారం కొత్త వెర్షన్ వెళ్ళాలి, ఇదొక్కటి తెమలట్లేదు. నాకు ఒళ్ళు మండింది.

"ఎవడక్కా ఈ మొద్దురాచిప్ప? రోజూ తొమ్మిదీ ఐదుకి ఒకే తప్పు! దొరికితే చెవులు పిండేస్తాను" అన్నాను, అందరికీ వినబడేలా.

అక్క తలెత్తలేదు. నేను ఊరుకునే రకమా? ఏ కంప్యూటరో వెతికాను. నా పక్కనున్న అక్క సీటుదే. నా నోట్లో మన్నుపడ.

"ఉండనీ అక్కా" అన్నాను గొంతు తగ్గించి. "రోజూ కనబడుతోందిగా. నియమం ప్రకారం ఉండాల్సిందే."

"వేరేవాళ్ళకి కనబడట్లేదు కదా, తమ్ముడూ" అంది. "ఇంట్లో అయితే ఆయన నోట ఆ 'అండీ' ఉండేది కాదు."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు. తీసేముందు మెసేజీని ఒకసారి తెరమీదకి తెప్పించి చూడాలి, అది మా పద్ధతి. తెప్పించింది. చదివింది. తీసేసింది.

"పాత ప్రతుల్లో ఎలాగూ ఉంటుందిగా" అని సముదాయించబోయాను.

"ఉంటుంది. అక్కడ నేను వెళ్ళి వెతుక్కోవాలి. ఇక్కడైతే ఆయనే కేకేసేవారు" అంది, ఆఫీసు మెయిల్ చదువుతున్నట్టు.

సోమవారం తొమ్మిదీ ఐదుకి అక్క వేళ్ళు వాటంతట అవే పాత కమాండు కొట్టాయి. నేను చూస్తూనే ఉన్నాను. ఆగలేక అడిగేశాను, "ఏమందక్కా?"

"ఏమీ అనలేదు" అంది. "వెళ్ళనిచ్చేసింది."