అత్త రవికె కుట్లు

మా మేనత్త పోయింది. గుండె ఆగిందని ఇబ్రహీంపట్నం నుంచి మామ ఫోన్ చేస్తే నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఈ రోజుకీ అది చల్లారలేదు.

కలుపు తీసే రోజుల్లో అత్త ఎండిపోయినట్టు ఉండేది. "నీ మొగడు తిండి పెడ్తలేడా?" అని ఆడవాళ్లు నవ్వేవారు. తర్వాత పొలం ప్లాట్లయింది. పని పోయింది, ముట్లు ఆగాయి, నడుము చుట్టూ ఒళ్లొచ్చింది. మామకూ పొట్ట వచ్చింది. ఆయనకు "సేటు లెక్క అయినవ్ అన్నా" అని కుర్చీ వేశారు. ఆమెను మాత్రం "జర తక్కువ తినరాదక్కా" అన్నారు. ఇద్దరూ తిన్నది ఒకే కుండలో అన్నం!

అత్త ఊరుకునే మనిషి కాదు. "పొలం పోయింది, పని పోయింది, ఆకలి ఏడికి పోతదే?" అంటూ నాకు ఇంకో రొట్టె వేసేది. రవికె బిగుతైనప్పుడల్లా గడపలో కూర్చుని పక్క కుట్లు విప్పుకునేది. "నా ఒళ్లు నాది, ఊరిది గాదు" అని పళ్లతో దారం తెంపేది.

సాగర్ రోడ్డు మీది కొత్త ఇళ్ల మేడమ్‌లు బూట్లేసుకుని నడిస్తే అది ఆరోగ్యం. అత్త నడిస్తే "పనేం లేదా?" అన్నారు. అయినా నడిచింది. అప్పుడే ఛాతీలో పట్టేయడం మొదలైంది. దవాఖానకు నేనే తీసుకెళ్లాను.

"సార్, నడుస్తుంటే ఛాతీల పట్టేస్తది, చెయ్యి గుంజుతది."

డాక్టర్ ఆమె నడుము వైపు చూశాడు. "ముందు బరువు తగ్గమ్మా, అన్నీ అవే పోతాయి."

అంతకుముందు మామకు ఉత్త తేన్పులొస్తే అక్కడే గుండె పరీక్షలన్నీ చేశారు. నేను ఆ మాటే గట్టిగా అడిగాను. అత్త నా చెయ్యి పట్టుకుని, "నడువు బిడ్డా, లొల్లి వద్దు" అంది. ఇంటికొచ్చి సగం అన్నం మానేసింది. నా అత్త ఆకలి కడుపుతోనే పోయింది. దీన్ని నేను క్షమించను.

పాడె ఎత్తుతూ ఎవడో "మస్తు బరువున్నది" అన్నాడు. "చాతనైతే మొయ్యి, లేకుంటే పక్కకు జరుగు!" అని అందరి ముందూ అరిచాను.

మర్నాడు ఆమె బట్టలు సర్దుతుంటే ఒక రవికె దొరికింది. ఎప్పుడూ కుట్లు విప్పుకునే అత్త, ఈసారి వదులైన దాన్ని లోపలికి పట్టి కుట్టుకోవడం మొదలుపెట్టింది. ఒక పక్క అయిపోయింది. రెండో పక్క సగంలో, దారంతో సహా సూది గుచ్చే ఉంది.