రెండు సీసాల ఇంజను

వలలకు కట్టే సీసపు గుళ్ళను హజరత్తయ్య ఒక్కొక్కటే సీసాలో వేస్తున్నాడు. బ్యాటరీ ఆసిడ్ వచ్చే పెద్ద గాజు సీసా అది. గుండు వేయడం, బిరడా బిగించడం, నీళ్ళ తొట్టిలో వదలడం. సీసా తేలగానే తీసి తుడిచి, మళ్ళీ బిరడా లాగి ఇంకో గుండు వేయడం. కాసేపటికి గుండు మరీ ఎక్కువయ్యేట్టుందని ఇసక పట్టాడు, చిటికెడు చిటికెడు. ఒక చిటికెడు దగ్గర సీసా తేలలేదు, బుడుంగున మునగనూ లేదు. మెల్లగా దిగి తొట్టి అడుగున ఆనీ ఆనకుండా నిలబడింది.

"ఆ ముంతలో నీళ్ళు పొయ్యి ఇప్పుడు," అన్నాడు.

పోలేరయ్య ముంతలోని ఉప్పుటేటి నీళ్ళను తొట్టిలో పోసి చేత్తో కలిపాడు. సీసా అడుగునుంచి లేచి, మెడ బయటపెట్టింది.

"ఇదేందన్నా, పిలిచినట్టు లేస్తా ఉండాది."

"ఉప్పు నీళ్ళు బరువురా. మంచినీళ్ళలో మునిగేది ఉప్పునీళ్ళలో తేలతాది. నీ నాలిక చేసే పని ఇది చేస్తాది. నువ్వు లేనప్పుడు కూడా చేస్తాది."

వెంకటశేషమ్మ గట్టు మీద నిలబడి చూస్తూ ఉంది. తోటపల్లి గూడూరు పక్కన ఆమెకు ఉన్న భూమి కాలువకు చిట్టచివర. భర్త పద్మనాభయ్య పక్షవాతంతో మంచాన పడ్డాక సేద్యమంతా ఆమే చూసుకుంటోంది. కాలువ నీళ్ళు అక్కడికి చేరేసరికి అదును దాటిపోతుంది. ముందుగా నారు పోసుకోవాలంటే వాగు నీళ్ళే దిక్కు. ఆ వాగు పోయి ఉప్పుటేట్లో కలుస్తుంది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఉప్పునీళ్ళు వాగులోకి ఎగదన్నుతాయి, పాటు తీయగానే వెనక్కు పోతాయి. వాగు గట్టున ఆయిల్ ఇంజను, పంపు పెట్టించి రెండేళ్ళయింది. నిరుడు ఆ పంపే ఉప్పునీళ్ళు తోడి నారుమడి మొత్తం మాడ్చేసింది. ఈసారి పోసినవి ఇంట్లో మిగిలిన ఆఖరి మొలగొలుకుల విత్తనాలు. ఈ నారు కూడా పోతే ఆ ఏడు నాట్లు లేవు.

నిరుటి తప్పు పోలేరయ్య మీద పడింది. ఇంజను చూసేదీ అతనే, అర మైలు దూరంలో నారుమడికి నీళ్ళు మళ్ళించే మడవలు మార్చేదీ అతనే. ఇంజను తిప్పేముందు వాగు నీళ్ళు నోట్లో వేసుకుని చూశాననీ, తియ్యగా ఉన్నాయనీ అతను ఎంత చెప్పినా ఎవరూ నమ్మలేదు. నిద్రపోయాడన్నారు. ఈ ఏడు సీసం తెచ్చి ఇచ్చిన, చేపలు పట్టే పట్టపు నరసయ్య మాత్రం ఒక మాట అన్నాడు.

"ఉప్పునీళ్ళు మీద రావు. అడుగున పాక్కుంటా వస్తాయి. మీ పంపు గొట్టం అడుగున ఉండాది. వీడు చూసింది మీద నీళ్ళు."

హజరత్తయ్య ఆ మాట పట్టుకుని, సీసాను గొట్టం మూతి పక్కనే, అదే లోతులో దించాలని అప్పుడే నిర్ణయించుకున్నాడు. పోలేరయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

హజరత్తయ్యది కోవూరు. పొలాల్లో ఇంజన్లు బాగుచేయడం వృత్తి. సైకిలు వెనక పెట్టెలో స్పానర్లు, ముందు హ్యాండిలుకు అన్నం క్యారియరు. ఇంజను దగ్గరికి రాగానే ఎవరితోనూ మాట్లాడడు. స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి ఆనించి కళ్ళు మూసుకుంటాడు. వయసులో ఉండగా బిట్రగుంట లోకో షెడ్డులో క్లీనరుగా చేశాడు. అక్కడే ఆవిరికి ఎడమ చెయ్యి కాలి రెండు వేళ్ళు వంగకుండా పోయాయి. షెడ్డులో ఆయన మనసుకు పట్టిన వస్తువు ఒక్కటే, సీసపు బిరడా. బాయిలర్లో నీళ్ళు తగ్గితే ముందు గాజు గొట్టంలో కనబడుతుంది. అది ఎవరూ చూడకపోతే పొయ్యి నెత్తిన బిగించిన సీసపు బిరడా కరుగుతుంది, ఆవిరి కిందికి దూకి నిప్పుల జోరు తగ్గిస్తుంది. బండి నిలిచిపోతుంది, డ్రైవరుకు మాట వస్తుంది. బాయిలర్ మాత్రం మిగులుతుంది.

అందుకే ఆయన మొదటినుంచీ రెండు సీసాలు అడిగాడు. ఒకటి గంట కొట్టడానికి, రెండోది ఇంజను ఆపడానికి. వెంకటశేషమ్మ రెండోదానికి ఒప్పుకోలేదు.

"గంట పెట్టు, సరే. ఆపేది మాత్రం మనిషే ఆపాల. గాజు సీసా నా ఇంజను ఆపేదేంది? ఊరికే ఆగిందనుకో, నారు ఎండిపోదా?"

"ఎండితే రేపు తడపొచ్చు గదక్కా. ఉప్పు తగిలితే ఏం చేస్తావు?"

"చెప్పినా గదా, గంట చాలు."

హజరత్తయ్య వాదించే మనిషి కాదు. గంట ఒక్కటే కట్టాడు. గంటంటే బిట్రగుంటనుంచి తెచ్చుకున్న రైలు పట్టా ముక్క. దాని పక్కన ఒక ఇనప చెయ్యి, ఆ చేతిని పైకి పట్టి ఉంచడానికి ఎలుకల బోను కొక్కెం. నీళ్ళలోని సీసా లేచి, దాన్నుంచి కొక్కేనికి కట్టిన తాడు సడలితే చాలు, కొక్కెం ఊడి చెయ్యి కిందికి వాలుతుంది. ఇంజను చక్రానికి బిగించిన ఇనప ముక్క తిరిగిన ప్రతిసారీ ఆ చేతిని తంతుంది, చెయ్యి పోయి పట్టాను కొడుతుంది. ఇంజను తిరిగినంతసేపూ గంట మోగుతుంది. నారుమడి దాకా వినబడుతుంది.

మొదటి రెండు రోజులు పోటు ఎగదన్నినప్పుడల్లా అది సరిగ్గా మోగింది. పోలేరయ్య పరుగెత్తుకొచ్చి ఇంజను ఆపాడు. ఆ తర్వాత మిట్టమధ్యాహ్నాలు కూడా మోగడం మొదలుపెట్టింది. అతను మడవ వదిలేసి పరుగున వచ్చి, పంపు పోసే నీళ్ళు దోసిట పట్టి నోట్లో వేసుకుంటే చక్కగా తియ్యగా ఉండేవి. కొక్కెం ఎత్తిపెట్టి మడి దగ్గరికి పోయేలోపల మళ్ళీ మోగేది.

ఒక సాయంత్రం హజరత్తయ్య అటు పోతూ ఇంజను చూద్దామని ఆగాడు. పట్టా ముక్క చుట్టూ తలగుడ్డ చుట్టి ఉంది. ఇనప చెయ్యి దాని మీద మెత్తగా తడుతోంది. ఆయన పంపు నీళ్ళు నోట్లో వేసుకున్నాడు, ఉమ్మేసి, ఇంజను ఆపాడు.

ఉప్పు మొదటి మడిలోకి చేరింది. మంచినీళ్ళు పెట్టి కడిగినా, పంపు నీళ్ళు వచ్చే పిల్లకాలువ ఒడ్డున ఒక చాప వెడల్పున నారు మొనలు మాడిపోయాయి. వెంకటశేషమ్మ ఆ మొనలు తుంచి పోలేరయ్య ముందు పడేసింది.

"గంటకు గుడ్డ చుట్టినావా? నిరుడు నిద్రపోయినావు. ఈ ఏడు గంటను నిద్రపుచ్చినావు. నా పొలంలో ఇంక అడుగు పెట్టబాక."

పోలేరయ్య తల వంచుకుని నిలబడ్డాడు. హజరత్తయ్య ఇంజను పక్కన కూర్చుని గుడ్డ ముడి విప్పుతున్నాడు.

"అక్కా, వీణ్ణి పంపించు, నేనేం వద్దనను. పంపించేముందు ఒక్క పగలు నువ్వు మడి కాడ కూచో. గంట మోగితే నువ్వే పరుగెత్తుకుంటా రా. వీడు మడవ చూసుకుంటాడు."

"దానికేం, వస్తా."

మర్నాడు ఎండ ఎక్కేదాకా ఏమీ లేదు. తర్వాత గంట మోగింది. ఆమె చీర చెంగు దోపుకుని గట్లంట పరుగున వచ్చింది. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. తిరిగి వెళ్ళి కూర్చుందో లేదో మళ్ళీ మోగింది. ఈసారి నడిచి వచ్చింది. తియ్యగానే ఉన్నాయి. హజరత్తయ్యను ఒక చూపు చూసి వెనక్కు పోయింది. మూడోసారి మోగినప్పుడు ఆమె తాటాకు గొడుగు కిందనుంచి లేవలేదు.

"అమ్మా, గంట," అన్నాడు పోలేరయ్య, పార ఆపి.

"ఇనపడతా ఉండాదిలేరా. దాని మొహం. ఊరికే మోగతాది." అనేసి, ఆమె చప్పున నోరు మూసుకుంది.

పోలేరయ్య నవ్వలేదు. వంగి మడవ కట్టుకోసాగాడు. కాసేపటికి ఆమె లేచి, మెల్లగా ఇంజను దగ్గరికి వచ్చింది. హజరత్తయ్య సీసాను నీళ్ళలోనుంచి అంగుళం అంగుళం పైకి లాగుతున్నాడు.

"చూడక్కా. తప్పు వాడిది గాదు, నాది."

సీసా ఒంటినిండా సన్నటి పాచి. ఆ పాచిలో ఆవగింజలంత గాలి బుడగలు. ఎండకు పాచినుంచి బుడగలు పుట్టి గాజును అంటిపెట్టుకుని, మంచినీళ్ళలో కూడా దాన్ని పైకి లేపుతున్నాయి. ఆయన వేలితో తుడిచి వదిలాడు. సీసా బుద్ధిగా మునిగింది.

"అబద్ధం చెప్పే గంట పెట్టి, మనిషిని పరుగెత్తమంటే ఎన్నాళ్ళు పరుగెత్తుతాడు? గుడ్డ వాడు చుట్టినాడు గాని, చుట్టించింది నేను."

వెంకటశేషమ్మ మునిగిన సీసా వైపు వంగి చూసింది. తర్వాత అడిగింది. "ఆ రెండో సీసా ఎప్పుడు కడతావు?"

హజరత్తయ్య కుమ్మరి దగ్గర రెండు పెద్ద కాగులు కొని, చుట్టూ బెజ్జాలు పొడిచి, ఒక్కో సీసాను ఒక్కో కాగులో పెట్టి, మూత వేసి గొట్టం పక్కన దించాడు. మూతలో కొక్కెం తాడుకు ఒక్క సన్నటి బెజ్జం. లోపల చీకటి, పాచి పట్టదు. పట్టినా పొద్దున్నే కుంకుడు నురగతో కడగమని పోలేరయ్యకు చెప్పాడు.

అసలు చిక్కు రెండో సీసాలో ఎంత సీసం వేయాలన్నది. ఎంత ఉప్పుకు ఇంజను ఆగాలి?

"రవ్వంత తగిలినా ఆగాల," అంది వెంకటశేషమ్మ. ఇప్పుడు ఆమె ఆ కొసకు పోయింది.

"అట్లయితే నారు ఎండతాదమ్మా," అన్నాడు పోలేరయ్య. ఆమె ముందు అతను అంత మాట అనడం అదే మొదలు. "పాటు మీద వాగులో నీళ్ళు అడుగంటి ఉంటాయి. కొంచెం పోటు ఉంటేనే గొట్టానికి నీళ్ళందేది."

ఇద్దరి మాటా నిజమే. హజరత్తయ్య ఎవరి పక్షమూ పట్టలేదు. నారు పీకి ముంతల్లో నాటించాడు. ఒక ముంతకు బావి నీళ్ళు, తక్కినవాటికి ఉప్పుటేటి నీళ్ళు తక్కువ నుంచి ఎక్కువకు కలిపి పోయించాడు. ఏ ముంత ఏమయ్యేదీ తెలిసేదాకా తనే ఇంజను దగ్గర కూర్చుని, గంట పని తనే చేశాడు. కొన్నాళ్ళకు ఒక ముంతలో మొనలు పసుపెక్కాయి, దాని తర్వాతి ముంతలో మాడాయి. పసుపెక్కిన ముంతకు ముందున్న ముంత పచ్చగా ఉంది. ఆ పచ్చటి ముంత నీళ్ళంత ఉప్పుకు తేలేట్టు ఇంజను ఆపే సీసాను తూచాడు. దానికంటే తక్కువ ఉప్పుకు తేలేట్టు గంట సీసాను సరిచేశాడు.

ఇంజనుకు డీజిలు తెరిచే లీవరుకు గొలుసుతో ఒక రాయి కట్టాడు. రాయి పడితే లీవరు వాలుతుంది, ఇంజను ఆగుతుంది. రాయిని పైన పట్టి ఉంచేది ఒక నూలుతాడు, దాని కొసన, రెండో సీసా లేస్తే ఊడే బోను కొక్కెం.

"నూలుతాడేంది? ఇనప తీగె కట్టగూడదా?" అంది వెంకటశేషమ్మ.

"తాడు తెగినా, ఎలక కొరికినా రాయి పడాల్సిందేనక్కా. చెడిపోతే ఇంజను ఆగిపొయ్యే వైపే చెడిపోవాల. తిరిగే వైపు చెడితే మనకు తెలిసేది మడి మాడినాకే."

పెద్ద పోటు వచ్చే అమావాస్య నాడు ముగ్గురూ నారుమడి దగ్గర ఉన్నారు. హజరత్తయ్య కావాలనే ఎవరినీ ఇంజను దగ్గర ఉండనివ్వలేదు. మధ్యాహ్నం ఊరికే మోతలు ఏవీ రాలేదు. పొద్దు వాలే వేళ గంట మొదలయింది. పోలేరయ్య లేవబోతే ఆయన చెయ్యి పట్టి కూర్చోబెట్టాడు.

"ఉండు. రెండోది కూడా చూద్దాం."

గంట మోగుతూనే ఉంది. వెంకటశేషమ్మ చేతులు ఒళ్ళో బిగించుకుని నారు వంకే చూస్తోంది. పిల్లకాలువలో నీళ్ళు ఇంకా వస్తున్నాయి. ఉన్నట్టుండి గంట ఆగింది, దానితోబాటే ఇంజను చప్పుడూ ఆగింది. దూరంగా కొంగలు లేచిన రెక్కల మోత వినబడింది. పిల్లకాలువలో నీళ్ళు సన్నబడి నిలిచిపోయాయి. ఆమె వంగి దోసిట నీళ్ళు తీసుకుని నోట్లో వేసుకుంది, మింగింది.

"కొంచెం తేడాగా ఉండాయి గాని, ఉప్పు గాదు," అంది.

పోలేరయ్య పరుగెత్తకుండా నడిచి వెళ్ళాడు. పాటు తీసేదాకా వాగు గట్టున కూర్చున్నాడు. తర్వాత చెంబుకు తాడు కట్టి అడుగునుంచి నీళ్ళు తోడి, నోట్లో వేసుకుని, ఊసి, ఇంకోసారి తోడి చూశాడు. అప్పుడు రాయి ఎత్తి కొక్కెం తగిలించాడు.

హజరత్తయ్య స్పానర్లు తుడిచి పెట్టెలో సర్దుకున్నాడు. మిగిలిన సీసపు గుళ్ళను గుడ్డలో మూట కట్టి, నరసయ్యకు ఇవ్వమని వెంకటశేషమ్మ చేతికిచ్చాడు. ఇంజను తిప్పే హ్యాండిలు తీసి, అది కూడా ఆమెకే ఇచ్చాడు.

"ఒకసారి ఆగితే అడుగు నీళ్ళు నోట్లో వేసుకోకుండా ఎవురూ తిప్పగూడదు. అదే పూట రెండోసారి ఆగితే ఇంక తిప్పనే బాకండి. నాకు కబురు చెయ్యండి."

ఆమె హ్యాండిలు బరువు చూస్తున్నట్టు కాసేపు పట్టుకుని, పోలేరయ్య వైపు చాచింది.

"ఇంద, పట్టరా. తిప్పు. మడవ కాడికి నేను పోతాలే."

అతను రెండు చేతులా అందుకుని, చక్రం దగ్గర వంగాడు.