ఐదు రోజుల అమ్మ

ఆవిడను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. విజయవాడ నుంచి వచ్చిన చర్చి బృందానికి ఆవిడే పెద్ద. బెంగాల్లోని మా రైల్వే ఊళ్లో, పూరీ గేట్ దగ్గరి అనాథాశ్రమంలో ఐదు రోజులు సేవ చేయడానికి వచ్చారు. పిల్లలకు బెంగాలీ తప్ప రాదు. రైల్వే ఆఫీసు గుమస్తానైన నాకు రెండు భాషలూ వచ్చు కనుక మాటలు తర్జుమా చేయడానికి పిలిచారు.

ఆవిడ ఏ పిల్ల కనబడినా గడ్డం పట్టుకుని, రెండో చేత్తో ఫోను ఎత్తి, "అమ్మా అను" అనేది. పిల్లలు "మాసీ" అనేవారు. వచ్చిపోయే ఆడవాళ్లందరినీ వాళ్లు అలాగే పిలుస్తారు. ఆవిడ మొహం ముడుచుకునేది.

"పిన్ని అంటారేంటండీ? అమ్మ అంటే ఏంటో మీరు చెప్పండి వీళ్లకి."

ఆశ్రమంలో వంటామె శ్రీకాకుళం మనిషి. గరిటె పట్టుకునే నా దగ్గరికొచ్చింది.

"ఎల్లిపోయే మనిసిని అమ్మా అని పిలిపించడమేటి బాబూ?"

నేను నవ్వేసి పిల్లల వైపు తిరిగాను.

ఆఖరి రోజు వ్యాను దగ్గరికి ఆరేళ్ల పిల్ల ఒకతి వచ్చింది. గౌన్లన్నీ తువ్వాలులో మూటగట్టుకుని, చెప్పులేసుకుని, ఆవిడ పక్కన నిలబడింది.

"అమ్మా, చలో."

ఆవిడ మురిసిపోయింది. గడ్డం పట్టుకుంది. ఫోను ఎత్తింది.

"ఇంకోసారి అను తల్లీ."

ఆ పిల్ల ఇంకోసారి అంది. ఆవిడ వ్యాను ఎక్కి తలుపు వేసుకుంది.

ఆవిడను అసహ్యించుకోవడం నాకు తేలికే. కానీ అమ్మంటే బెంగాలీలో 'మా' అని ఆ పిల్లకు చెప్పిన నోరు నాదే.