నేను రాయని మూడో రకం

ఆ మీటింగులో నోరు విప్పితే సరిపోయేది. విప్పలేదు.

మా ఆఫీసు ఒక మునిసిపాలిటీకి, అక్కడి పనివాళ్ల ఆరోగ్య కార్డుల కోసం కంప్యూటర్ ప్రోగ్రాం రాస్తోంది. మేం వాడే భాషలో ప్రతి వస్తువూ ఏ రకమో ముందే చెప్పి తీరాలి. 'కార్మికులు' అన్న రకం కింద నేను రెండు ఉపరకాలు పెట్టాను. పర్మనెంటు వాళ్లకి నియామకపు నంబరుండాలి, కాంట్రాక్టు వాళ్లకి గడువు తేదీ ఉండాలి. ఈ రెండిట్లో ఇమడని మనిషిని, రాసినదాంట్లో తప్పులు పట్టే కంపైలర్ గడప దాటనివ్వదు.

"ఇంకే రకమైనా ఉందా?" అన్నాడు మా బెంగాలీ మేనేజరు.

ఉంది. బద్లీ వాళ్లు. పొద్దున్నే హాజరు పిలిచేచోట నిలబడి, ఆ రోజు ఎవరు రాకపోతే వాళ్ల బదులు వీధులూడ్చేవాళ్లు. సొంత నంబరూ ఉండదు, గడువూ ఉండదు. మా అమ్మ అక్కడే ఇరవయ్యేళ్లుగా బద్లీ. ఆ మాటంటే నీకెలా తెలుసంటారు. ఆఫీసులో అందరూ నన్ను బ్యాంకు ఆఫీసరు కూతురనుకుంటున్నారు. నేనూ అనుకోనిచ్చాను.

"లేదు దాదా" అన్నాను.

కంపైలర్ ఒక్క తప్పూ చూపలేదు. మురిసిపోయాను కూడా, సిగ్గులేనిదాన్ని! మునిసిపాలిటీ గుమాస్తాలకి వేరే దారి లేక బద్లీలందర్నీ కాంట్రాక్టులో వేసి, నెలాఖరుని గడువుగా పెట్టేశారు.

నెల దాటాక, ఒక కంట్లో ముదిరిన శుక్లం తీయించుకోడానికి ఆసుపత్రికెళ్లిన అమ్మ అలాగే తిరిగొచ్చింది.

"నాను కాంట్రాక్టు మనిసినంట. గడువైపోనాదంట. కార్డు సెల్లదు, ఆపరేసను సెయ్యరంట. అలగ రాసినోడెవుడో, ఆడి సేతులు పడిపోను!"



మర్నాడు ఆఫీసులో మూడో ఉపరకం చేర్చాను. తెర నిండా ఎర్రగీతలు. ఈ మనిషి వస్తే ఏం చెయ్యాలని ప్రతిచోటా కంపైలర్ నిలదీసింది. సాయంత్రం దాకా ఒక్కోదానికీ జవాబు రాస్తూ కూర్చున్నాను.

"ఇది నీకిప్పుడెలా తెలిసింది?" అన్నాడు మేనేజరు.

"మా అమ్మ బద్లీ దాదా. మొదట్నించీ తెలుసు."

ఆయన నా మొహం చూసి, కొత్త కార్డులు రావడానికి ఇంకో నెల పడుతుందన్నాడు. ఆ నెలంతా అమ్మ ఒంటికన్నుతోనే రోడ్డు మీద ఊడవాలి.

ఏక్‌బాల్‌పూర్ బస్తీలో మా ఇంటికొచ్చేసరికి అమ్మ బియ్యం ఏరుతోంది, చేటని మొహం దగ్గరికి పెట్టుకుని.

"అమ్మా, ఆ కార్డుల్లో బద్లీల మాట లేకుండా రాసింది నేనే."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది. చేట కింద పెట్టి, కనబడే కన్ను నావైపు తిప్పింది.

"నా సంగతి నీకు తెల్దేటే?"

"తెలుసమ్మా" అన్నాను.