అత్త గాలించిన రాళ్ళు

మా చింత బోన్సాయికి వేళ్ళు కుళ్ళిపోతున్నాయి. పధ్నాలుగేళ్ళుగా మూరెడు ఎత్తు దాటకుండా కంటికి రెప్పలా పెంచుకున్న చెట్టది. బంకమట్టిలో నీళ్ళు నిలిచి ఆకులన్నీ రాల్చేసింది. పొడి లేని గ్రానైట్ చిప్స్‌లోకి మార్చకపోతే ఇక దక్కదు.

గజపతినగరం దగ్గర రాళ్ళు కొట్టే క్రషర్‌కి వెళ్తే గుమాస్తా, "ఎన్ని లారీలమ్మా?" అన్నాడు.

"ఒక్క బస్తా."

"బస్తాతో ఏటి కడతారు?"

"చెట్టుకి."

"ఓర్నాయనో, సెట్టుకి ఇల్లు కడతన్నారంట!" అని పక్కవాణ్ణి పిలిచి మరీ నన్ను చూపించాడు. ఒళ్ళు మండింది గాని, బస్తా స్కూటర్ మీద వేసుకుని విజయనగరం వచ్చేశాను.

ఇంట్లో మా మేనత్త ఉంది, నాలుగు రోజులు ఉందామని పల్లె నుంచి వచ్చింది. బస్తా విప్పానో లేదో, చాట తెచ్చి చెరగబోయింది. బూడిదరంగు పొడి గుప్పున లేచింది.

"అత్తా, ఆపు! ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే జన్మలో వదలదు!" అని అరిచి, రాళ్ళన్నీ తడిసేలా నీళ్ళు పోసి, ఇద్దరి మూతులకీ మాస్కులు కట్టాను.

"తడిపీస్తే సెరగడం అవుతాదేటే?"

"చెరగొద్దు. బియ్యం గాలించినట్టు గాలించు, చాలు."

ఆ మాటే నా కొంప ముంచింది.

నేను లోపల కూర్చుని చెట్టును తొట్టిలోంచి ఊడదీసి, కుళ్ళిన వేళ్ళు కత్తిరించి, మిగిలినవి ఆరిపోకుండా తడి గోనెలో చుట్టాను. గంటకి బయటికొస్తే బేసిన్ నిండా నున్నటి బురద. రాయన్నది లేదు.

"రాళ్ళేవత్తా?"

"గోడవతల పారేసినాను. ఒక్కటి మిగిల్తే అడుగు" అంది గర్వంగా.

ఇక నాకు ఒళ్ళు తెలియలేదు. బుర్రుందా, వయసొచ్చి ఏం లాభం అని నోటికొచ్చినట్టు అనేశాను. అత్త మాస్కు గడ్డం కిందికి లాగింది.

"ఒక్క రాయి పంటికి తగిలిందని మీ మావ కంచం ఇసిరీసినాడే. అరవయ్యేళ్ళు రాళ్ళు పారేసినాను. ఇప్పుడు పారేసినానని నువ్వు తిడతన్నావు. నానేటి సెయ్యాలో సెప్పు!"

నాకు సిగ్గేసింది. ఇద్దరం వీధిలో చతికిలబడి రాళ్ళు ఏరాం. ఏం పోయిందని అడిగిన ప్రతివాళ్ళకీ అత్తే జవాబు చెప్పింది: "రాళ్ళే." అవి కడిగి, గోనె ఇంకా తడిగా ఉండగానే చెట్టును తొట్టిలో నిలబెట్టాం. కొన్నాళ్ళకి చిగురేసింది కూడా.

రాళ్ళు ఏరిన ఆ రాత్రే, అత్త వండిన అన్నంలో నా పంటికి రాయి తగిలింది. అత్త నా ముఖంలోకే చూస్తోంది. నమలకుండా మింగేసి, మరికాస్త అన్నం పెట్టమన్నాను.