సూపర్‌వైజర్‌నని నేను చెప్పిన మాట

సహోదరులారా, ఉద్యోగం పోయిన రెండేళ్లూ నేను రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని ఏలూరు బజార్లలో తిరిగి సాయంత్రానికి ఇల్లు చేరేవాణ్ణి, పని లేదని తెలిస్తే మా వంశం పరువు పోతుందని నా బాధ. మా తాతగారు గణపవరంలో రైస్ మిల్లు నడిపారు. కొల్లేటిలో మా నాన్నగారు తవ్వించిన చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేశాక, ఆ అప్పుల్లో మిల్లూ పోయింది, నేను వట్లూరు దగ్గర రొయ్యల ప్లాంటులో చేరాను.

కార్డు మీద సూపర్‌వైజర్ అని ఉండేది గాని, చేసింది ఐసు మోయడం, ట్రేలు కడగడం. మేం యూనియన్ పెట్టుకున్నాం, నేను అధ్యక్షుణ్ణి. నెల తిరక్కుండా నన్నూ మరో ముగ్గురినీ తీసేశారు. లేబర్ కోర్టుకు వెళ్లాం. "తమరు చేసే పనేంటండీ?" అని కంపెనీ లాయరుగారు ఎంతో మర్యాదగా అడిగితే, కార్మికుణ్ణి అనడానికి నాకు నోరు రాలేదు. "సూపర్‌వైజర్‌ని" అన్నాను. ఆయన ఇంకేమీ అడగకుండా కూర్చున్నారు. సూపర్‌వైజర్‌కు ఆ కోర్టు రక్షణ ఉండదని నాకు తెలియదు.

తరువాత మా వైపు సాక్షి రూతమ్మ, రొయ్యలు ఒలిచే ఆవిడ, బోనెక్కింది. "ఏం సూపర్‌వైజరండీ బాబూ, మాతోపాటే ట్రేలు కడిగేవారు. మాకంటే ఆయన వేళ్లే ఎక్కువ నానిపోయుండేయండీ" అంది. కోర్టంతా నవ్వింది. ఆ రోజు నుంచి నేను ఆవిడతో మాట్లాడలేదు.

మమ్మల్ని తిరిగి తీసుకోమని తీర్పు వచ్చింది. కంపెనీ హైకోర్టుకు వెళ్లి, కార్మికుడు కానివాడు నడిపిన గొడవ ఇది, ఆయన నోటి మాటే సాక్ష్యం, తీర్పు మొత్తం కొట్టేయండి అని కోరింది. "హైకోర్టు సాక్షుల్ని మళ్లీ పిలవదండీ, కింది కోర్టు సరైన ఆధారంతో తేల్చిందా లేదా అన్నదే చూస్తుంది. మీ మాట ఇప్పుడు మార్చుకోలేరు" అన్నారు మా లాయరుగారు. నా ఒక్కడి డాంబికం వల్ల మరో మూడు కుటుంబాలు వీధిన పడబోతున్నాయి.

తాడేపల్లిగూడెం ఉపవాస ప్రార్థనలో, అంతవరకు నిలబడే ప్రార్థించిన నేను మోకరించాను. "ప్రభువా, ఈ ముడి నా నోటితో నేనే వేసుకున్నాను, మా తాతగారి పేరు చెప్పి అడగను, నీ నీతిని బట్టి విప్పు" అన్నాను.

చూడవలసింది హోదా కాదు, చేసిన పని అని హైకోర్టు అంది. రూతమ్మ సాక్ష్యాన్ని లేబర్ కోర్టు నమ్మడంలో తప్పు లేదు, మేం జోక్యం చేసుకోం అని కంపెనీ పిటిషన్ కొట్టేసింది. ఏ మాటకు నేను సిగ్గుపడ్డానో ఆ మాటతోనే దేవుడు నలుగురి అన్నం నిలబెట్టాడు.

ఆ సాయంత్రమే రూతమ్మ ఇంటికి వెళ్లి క్షమించమన్నాను. "గుమ్మంలో నిలబడి అడుగుతారేంటండీ, లోపలికొచ్చి కూర్చోండి" అంది.

నేను ఇప్పటికీ తలెత్తుకునే నడుస్తాను సహోదరులారా, రొయ్యల ప్లాంటు కార్మికుణ్ణని చెప్పుకుంటూనే నడుస్తాను. మీలో ఎవరైనా సొంత మాటలోనే చిక్కుకుపోయి ఉంటే, దాన్ని సమర్థించుకుంటూ ఇంకో ఏడాది పోగొట్టుకోకండి, ఆయన దగ్గరకు రండి. గెలిపించింది ఆయనే, ఘనత ఆయనకే.