చిన్నాయన మోటారులో చిక్కిన జడ

నా చిన్నప్పుడు పోచంపల్లిలో మా ఇంట్లో నాలుగు మగ్గాలూ ఒక గ్రామఫోనూ ఉండేవి. మగ్గాలు మా తాతయ్యవి, గ్రామఫోను మా చిన్నాయనది. చావి తిప్పే ఆ పెట్టె పాట మధ్యలో నీరసపడి, పాడే ఆమె గొంతు కాస్తా మగగొంతయ్యేది. అందుకని ఆయన స్ప్రింగు తీసేసి చిన్న కరెంటు మోటారు బిగించాడు. మోటారుకూ ప్లేటు తిప్పే చక్రానికీ మధ్య తోలు పట్టా. రెండు పట్టాలు జారిపోయాయి. మూడోది, తనే కోసి కుట్టుకున్నది, పాట చివరిదాకా ఒకే తీరుగా తిప్పింది. ఆ సాయంత్రం భువనగిరిలో పెళ్లికి ఆ పెట్టె పోవాలి.

అది ఎలా తిరుగుతుందో చూడాలని నాకు ఒకటే దురద. ఎవరూ లేనప్పుడు స్విచ్చి వేశాను. తిరగలేదు. కరెంటు పోయిందన్న సంగతి నా మట్టిబుర్రకు తట్టలేదు. స్విచ్చి అలాగే వదిలేసి, పక్క పలక తీసి లోపలికి తొంగిచూశాను. అంతలో కరెంటు వచ్చింది. పట్టా నా జడను లాక్కుంది. చెంప పెట్టెకు అతుక్కుపోయింది, మోటారు గుర్రుమని ఆగిపోయింది. నా కేక విని తాతయ్య పరుగున వచ్చి తీగ పీకేశాడు.

అసలు కష్టం ఆ తర్వాతే. చిన్నాయన కత్తెర తెచ్చాడు. మా అమ్మ అడ్డం నిలబడింది. అమ్మవారు పోసి నేను బతికినందుకు ఆ జుట్టు గుట్ట మీది నరసింహస్వామికి మొక్కి, కత్తెర తగలకుండా పెంచుతోంది. పోనీ పట్టా కోద్దామంటే పెళ్లివాళ్ల దగ్గర చిన్నాయన మాట పోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో నేను. మెడ కదిపితే ప్రాణం పోయేంత నొప్పి, ముక్కుకు మాడు వాసన. ఇక జన్మంతా ఇలాగే ఉండిపోతానని నిజంగానే అనుకున్నాను.

తాతయ్య ఇద్దర్నీ పక్కకు జరగమన్నాడు. "తెంపుడు ఎవలకైన వస్తది. చిక్కు తీసుడే మన పని," అని నా పక్కన చతికిలబడ్డాడు. అమ్మ నూనె తెస్తే, పట్టా జారుతుందని వద్దన్నాడు. మగ్గం మీద పోగులు చిక్కుపడితే ఏం చేసేవాడో అదే చేశాడు. బిగిసిన చోటు ముట్టుకోలేదు. వదులుగా ఉన్న వెంట్రుక వెతికి, అదొక్కటీ తీసి నా గుప్పిట్లో పెట్టాడు. మళ్లీ ఇంకొకటి. స్విచ్చి ఎవరు వేశారని ఒక్కసారీ అడగలేదు. ఉండబట్టలేక నేనే చెప్పేశాను.

"ఎర్కనే బిడ్డా. జర కదలకు," అన్నాడు.

మధ్యాహ్నం బస్సు వెళ్లిపోయింది. జడ వదిలేసరికి పొద్దు వాలింది. చిన్నాయన పెట్టెను సైకిలుకు కట్టుకుని వెళ్లిపోయాడు. పెళ్లిలో పాట ఎక్కడా నీరసపడలేదని మర్నాడు ఆయన చెబితే గానీ నాకు ముద్ద దిగలేదు.

అయినా పదకొండు వెంట్రుకలు తెగాయి. తాతయ్య వాటిని పారేయకుండా కాగితంలో మడిచి దాచాడు. గుట్ట మీద నాకు గుండు చేయించిన రోజు ఆ పొట్లం విప్పి, మిగతా జుట్టులో కలిపి, "గివి నా చేతుల తెగినయి, సామీ," అని చెప్పుకుంటూ నా గుండు మీద అరచెయ్యి ఆనించాడు. కోతిచేష్ట నాది, స్వామి ముందు ఒప్పుకున్నది ఆయన.

ఇప్పటికీ ఇంట్లో ఎవరితో చిక్కు వచ్చినా ముందు వదులు పోగు కోసమే వెతుకుతాను. ఎంత ఓపిక పట్టినా కొన్ని తెగుతాయి. అవి నా చేతుల్లోనే తెగాయని చెప్పడానికి ఈ వయసులోనూ వెనకాడతాను. అప్పుడు ఆనాటి నా బోడిగుండు మీద ఆయన అరచెయ్యి ఆనినట్టే ఉంటుంది. చెప్పేస్తాను.